విశ్రాంతి తీసుకునే నంబర్లు

పోచారం నుంచి వరంగల్ రోడ్డు మీద హైదరాబాదు వైపు వస్తే, నారపల్లి, మేడిపల్లి, పీర్జాదిగూడ దాటాక ఉప్పల్ వస్తుంది. అక్కడి క్రికెట్ స్టేడియాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. 2005 నవంబరు 16న భారతదేశానికీ, దక్షిణాఫ్రికాకూ జరిగిన వన్డే అందులో మొదటి అంతర్జాతీయ మ్యాచి.

ఇలాంటి చోట్ల జనం కూర్చునే స్టాండ్లకు పేరుమోసిన ఆటగాళ్ళ పేర్లు పెట్టటం కద్దు. ఉప్పల్ లోనూ అలాగే పెట్టారు. గోడ మీద పేరు రాయటం పెయింటరుకు అరపూట పని. కాని ఎవరి పేరు రాయాలి? ఎంత ఆడితే రాయాలి? ఆ మాట ఎవరు నిర్ణయించాలి? ఈ ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. అయినా దీని కోసం మన ఉప్పల్ లోనే పెద్దవాళ్ళు హైకోర్టు దాకా వెళ్ళారు.

ఆ సంగతి తరవాత చెప్పుకుందాం. ముందుగా, ఇదే ప్రశ్నకు లెక్క వేసి మరీ జవాబు వెతుక్కోవలసి వచ్చినవాళ్ళను గురించి తెలుసుకోవాలి. వాళ్ళు అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడే కాలేజీలవాళ్ళు. అక్కడ స్టాండ్లకు పేర్లు పెట్టటం కన్న విచిత్రమైన గౌరవం ఇంకొకటి ఉన్నది. అదేమంటే, ఆటగాడి చొక్కా మీది నంబరుకు విశ్రాంతి ఇవ్వటం!

ఉద్యోగం చేసిన మనిషి విశ్రాంతి తీసుకోవటం మనకు తెలుసు. నంబరు విశ్రాంతి తీసుకోవటమేమిటి? ఆటగాళ్ళు పరిగెత్తుతూ ఉంటే దూరాన కూర్చున్నవాళ్ళకు మొహాలు ఆనవు. అందుకని చొక్కా మీద నంబరు వేస్తారు. కొన్నేళ్ళు ఆడేసరికి ఆ నంబరు ఆటగాడికి రెండో పేరు అయిపోతుంది. పది అనగానే సచిన్ టెండూల్కరూ, ఏడు అనగానే ధోనీ మనకు గుర్తు రావటం లేదూ? అలాంటి ఆటగాడు ఆట మానుకున్నప్పుడు, "ఇక మీదట మా జట్టులో ఈ నంబరు ఎవరికీ ఇవ్వం," అని జట్టువారు ప్రకటిస్తారు. ఆ చొక్కాను ఆట జరిగే హాలులో పైకప్పుకు వేలాడదీస్తారు. నంబరుకు విశ్రాంతి అంటే ఇదే.

ఈ ఆచారం ఒక ప్రమాదం మూలంగా పుట్టింది. కెనడా దేశంలో టొరంటో నగరపు జట్టులో ఏస్ బెయిలీ అనే ఆటగాడుండేవాడు. ఆట, మంచు మీద ఆడే హాకీ. అతని నంబరు 6. 1933 డిసెంబరు 12న బోస్టన్‌లో ఆడుతూ ఉండగా, ఎదటి జట్టులోని ఎడ్డీ షోర్ అతన్ని వెనక నుంచి పడగొట్టాడు. బెయిలీ తల మంచుకు కొట్టుకుని పుర్రె చిట్లింది. డాక్టర్లు శస్త్రచికిత్సలు చేసి బతికించారు గాని, ఆట మటుకు అతను మళ్ళీ ఆడలేకపోయాడు.

1934 ఫిబ్రవరి 14న అతని సహాయార్థం టొరంటోలో ఒక మ్యాచి పెట్టారు. షోర్ కూడా ఆడటానికి వచ్చాడు. బెయిలీ ఏం చేస్తాడోనని జనమంతా చూస్తున్నారు. బెయిలీ మంచు మీదికి నడిచి వచ్చి, తనను పడగొట్టిన షోర్ చెయ్యి అందుకుని కలిపాడు. హాలంతా చప్పట్లతో మారుమోగింది. ఆరో నంబరు ఇక ఎవరూ వేసుకోరని టొరంటో జట్టు ఆనాడే ప్రకటించింది. వృత్తిగా ఆడే జట్లలో ఒక నంబరుకు విశ్రాంతి ఇవ్వటం అదే మొదలంటారు.

బెయిలీ విషయంలో ఎవరికీ పేచీ లేకపోయింది. కాని ఒకరికి ఇచ్చాక, "మా వాడికెందుకు ఇవ్వరు?" అని మరొకరు అడుగుతారు. అడిగినవాళ్ళందరికీ ఇస్తూ పోతే ఏమవుతుంది? ఇక్కడే లెక్క వస్తుంది.

బాస్కెట్‌బాల్ పుట్టినదే విద్యార్థుల మధ్య. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు అనే ఊళ్ళో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలంలో కుర్రాళ్ళు లోపల ఆడుకోవటానికని, పీచ్ పళ్ళ బుట్టలు రెండు గోడకు కొట్టించి ఈ ఆట కల్పించాడు. తరవాత అది అమెరికా కాలేజీలన్నిటికీ పాకింది.

ఈ ఆటలో ఎవరైనా తప్పు చేస్తే రిఫరీ ఈల వేసి, తప్పు చేసినవాడి నంబరును లెక్క రాసేవారికి చేతివేళ్ళతో చూపిస్తాడు. నంబరు 23 అయితే ఒక చేత్తో రెండు వేళ్ళూ, రెండో చేత్తో మూడు వేళ్ళూ చూపిస్తాడన్నమాట. ఒక చేతికి ఉన్నవి అయిదు వేళ్ళే గదా! అంచేత కాలేజీ ఆటగాళ్ళ నంబర్లలో 6, 7, 8, 9 అంకెలు ఉండరాదని చాలాకాలం నియమం ఉండేది.

అలా అయితే ఎన్ని నంబర్లు మిగులుతాయి? కాగితం, పెన్సిలు తీసుకుని మీరే వేసి చూడండి. 0, 00 కలిసి రెండు. 1 నుంచి 5 దాకా అయిదు. 10 నుంచి 15 దాకా ఆరు. అలాగే ఇరవైలలో, ముప్పైలలో, నలభైలలో, యాభైలలో ఆరేసి. మొత్తం 37. అయితే ఒకే జట్టులో ఒకడు 0, మరొకడు 00 వేసుకోకూడదు. కనక ఒక జట్టు ఒకసారి వాడుకోగలిగినవి 36.

జట్టులో పదిహేనుగురు ఉన్నారనుకుందాం. 36లో 15 పోతే 21. అంటే విశ్రాంతి ఇవ్వటానికి ఉన్న నంబర్లు ఇరవై ఒకటే. ఏడాదికొకటి చొప్పున ఇస్తూ పోతే, ఇరవై ఒక్క ఏళ్ళకు సరిగ్గా పదిహేను మిగులుతాయి. ఇరవై రెండో ఏట మరొకటి ఇచ్చారా, కొత్తగా చేరిన కుర్రాడికి చొక్కా ఉంటుంది, దాని మీద వెయ్యటానికి నంబరు ఉండదు! తాతలకు చేసిన గౌరవం మనమల నోటి దగ్గర కూడు తీసినట్టవుతుంది.

2023-24 ఆటల కాలం నుంచి ఆ నియమం సడలించి, 0 నుంచి 99 దాకా ఏ నంబరైనా వేసుకోవచ్చునన్నారు. దానితో ఇరుకు తగ్గింది. కాని అంతకు ముందే కాలేజీలు ఈ చిక్కు నుంచి బయటపడే దారులు వెతుక్కున్నాయి. వాటిలో మూడు చెప్పుకోదగినవి.

మొదటిది కెంటకీ విశ్వవిద్యాలయం దారి. వాళ్ళు విశ్రాంతి ఇచ్చేది చొక్కాకే, నంబరుకు కాదు. గొప్ప ఆటగాడి చొక్కా పైన వేలాడుతూనే ఉంటుంది, అదే నంబరు వేసుకుని కొత్త కుర్రాడు కింద ఆడుతూనే ఉంటాడు.

రెండవది నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం దారి. వాళ్ళు గౌరవాన్ని రెండు మెట్లు చేశారు. కింది మెట్టు ఎక్కినవారి చొక్కా వేలాడదీస్తారు, నంబరు వాడుకలోనే ఉంటుంది. పై మెట్టు ఎక్కినవారి నంబరు ఇక ఎవరికీ ఇవ్వరు. పై మెట్టుకు కొలత ఒకటి ముందుగానే చెప్పి ఉంచారు: దేశం మొత్తం మీద ఆ ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే పేరున్న బహుమతుల్లో ఒకటైనా అతనికి వచ్చి ఉండాలి. నూరేళ్ళు దాటిన ఆ జట్టు చరిత్రలో ఆ కొలతకు నిలిచినవాళ్ళు ఎనిమిదిమందే. లోకమంతా ఎరిగిన మైకేల్ జోర్డన్ వారిలో ఒకడు, అతని నంబరు 23. అక్కడే చదివి పెద్ద పేరు తెచ్చుకున్న విన్స్ కార్టర్ చొక్కా కూడా పైన వేలాడుతున్నది. కాని అది కింది మెట్టు మాత్రమే. అతని నంబరు 15 ఇంకా వాడుకలో ఉన్నది. కార్టర్ ఎంత ప్రసిద్ధుడైనా అతని కోసం కొలత కర్రను కురచ చెయ్యలేదు.

ఆ ఎనిమిదిమందిలో ఒక వింత ఉన్నది. 1920 దశకంలో ఆడిన జాక్ కాబ్ కాలానికి చొక్కాల మీద నంబర్లే లేవు! అయినా అతని పేరు ఆ జాబితాలో ఉన్నది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ఉప్పల్ చేరాక పనికివస్తుంది.

మూడవది, నార్త్ కరోలినాకు పొరుగునే ఉన్న డ్యూక్ విశ్వవిద్యాలయం దారి. 1980 నుంచి 2022 దాకా అక్కడ జట్టుకు శిక్షణ ఇచ్చిన మైక్ షెషెఫ్‌స్కీ కాలంలో ఒక గట్టి నియమం ఉండేది. ఎంత బాగా ఆడినా సరే, చదువు పూర్తి చేసి పట్టా పుచ్చుకుంటేనే నంబరుకు విశ్రాంతి. ఒకటి రెండేళ్ళు ఆడి, చదువు మధ్యలో వదిలి, డబ్బు వచ్చే జట్లకు వెళ్ళిపోయినవారికి ఆ గౌరవం దక్కదు. మనది కాలేజీ, ఇక్కడికి వచ్చినది చదువుకోవటానికి, అని గుర్తు చేసే నియమమన్నమాట.

మూడు కాలేజీలూ మూడు దారులు తొక్కాయి. కాని మూడింటికీ ఒక పోలిక ఉన్నది. కొలత ముందు పెట్టారు, మనిషిని తరవాత నిలబెట్టారు. బట్టల కొట్టులో గజంబద్ద ముందే ఉంటుంది. కొనేవాణ్ణి బట్టి బద్ద సాగితే ఆ కొట్టుకు ఎవరూ వెళ్ళరు.

అయితే అంకెలతో కొలవటానికి వీలులేని గొప్పతనం కూడా ఉంటుంది. అమెరికాలో బేస్‌బాల్ పెద్ద జట్లలోకి నల్లవారిని రానివ్వని రోజులుండేవి. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ ఆ అడ్డు దాటుకుని బ్రూక్లిన్ జట్టు తరపున ఆడాడు. తిట్లూ, బెదిరింపులూ సహించి ఆడాడు. సరిగ్గా యాభై ఏళ్ళకు, 1997లో, అతని నంబరు 42కు ఆ ఆట ఆడే పెద్ద జట్లన్నిటిలోనూ విశ్రాంతి ఇచ్చారు. అప్పటికే ఆ నంబరుతో ఆడుతున్నవారిని మటుకు ఆడనిచ్చారు. వారిలో చివరివాడు మారియానో రివేరా 2013లో ఆట విరమించాడు. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15న మాత్రం ఆటగాళ్ళందరూ 42 నంబరే వేసుకుంటారు. మిగిలిన రోజుల్లో ఎవరికీ లేని నంబరు, ఆ ఒక్కరోజు అందరిదీ!

ఇక మన దేశానికి వద్దాం. 2017 ఆగస్టులో శార్దూల్ ఠాకూర్ అనే బౌలరు శ్రీలంకలో తన మొదటి వన్డే ఆడుతూ 10 నంబరు చొక్కా వేసుకున్నాడు. అది సచిన్ నంబరని అభిమానులు కోపగించారు. పాపం, కుర్రాడు చేసిన తప్పేమీ లేదు. ఆ నంబరు వేసుకోరాదని ఎవరూ ప్రకటించి ఉండలేదు. ఆ గొడవ తరవాత బోర్డు 10 నంబరును వాడుక నుంచి తప్పించింది. ఠాకూర్ 54కు మారాడు. ధోనీ నంబరు 7 కూడా ఎవరూ కోరవద్దని బోర్డు ఆటగాళ్ళకు చెప్పినట్టు 2023 డిసెంబరులో పత్రికల్లో వచ్చింది. సచిన్, ధోనీ అర్హులు కారని ఎవరూ అనరు. కాని కొలత ముందే చెప్పి ఉంటే, తొలి మ్యాచి ఆడే కుర్రాడు నిందపడవలసిన అవసరం ఉండేది కాదు గదా!

హాకీవారు ఇంకొంచెం ఆలోచించి చేశారు. గోల్ కీపరు శ్రీజేష్ 2024 పారిస్ ఒలింపిక్సులో కాంస్య పతకం గెలిచి ఆట విరమించాడు. అతని 16 నంబరుకు పెద్దల జట్టులో విశ్రాంతి ఇస్తూ, జూనియర్ జట్టులో మటుకు దాన్ని ఉంచేశారు. చిన్నవాళ్ళలో ఎవడో ఒకడు ఆ చొక్కా తొడుక్కుని మరో శ్రీజేష్ కావాలని వారి ఆశ.

ఇప్పుడు ఉప్పల్ సంగతి. హైదరాబాదువాడైన వి.వి.ఎస్. లక్ష్మణ్ 134 టెస్టులాడి 8,781 పరుగులు చేశాడు. 2001 మార్చిలో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద అతను చేసిన 281 పరుగులు మీ అమ్మానాన్నలకు ఇప్పటికీ గుర్తుండి ఉంటాయి. భారత జట్టు ఫాలో ఆన్ ఆడుతూ ఉండగా, లక్ష్మణ్, ద్రావిడ్ కలిసి 376 పరుగులు జోడించారు. ఓడిపోతుందనుకున్న మ్యాచిని మనవాళ్ళు 171 పరుగుల తేడాతో గెలిచారు. 2012 ఆగస్టులో న్యూజిలాండుతో ఉప్పల్ లోనే టెస్టు జరగబోతున్నది. లక్ష్మణ్ పేరు జట్టులో ఉన్నది. సొంత ఊళ్ళో ఆఖరి ఆట ఆడి, చప్పట్లు అందుకుని వెళ్ళవచ్చు. కాని అతను టెస్టు మొదలవటానికి అయిదు రోజుల ముందే విరమణ ప్రకటించి, తన చోటు ఖాళీ చేశాడు.

ఇటువంటివాణ్ణి గౌరవించాలంటే టెస్టు నంబరుకు విశ్రాంతి ఇవ్వటం సాధ్యం కాదు. ఎందుకంటే, 2019 ఆగస్టు దాకా టెస్టు చొక్కాల వెనక నంబర్లే లేవు! జాక్ కాబ్ విషయం లాంటిదే ఇదీ. అలాంటప్పుడు మిగిలిన మార్గం స్టాండుకు పేరు పెట్టటం. ఉప్పల్ స్టేడియంలో ఉత్తరపు వైపు పెవిలియనుకు లక్ష్మణ్ పేరు పెట్టారు.

హైదరాబాదు కన్న మరో గొప్ప ఆటగాడు మహమ్మద్ అజారుద్దీన్. 1984-85లో ఇంగ్లండు మీద తన మొదటి మూడు టెస్టులలోనూ మూడు శతకాలు కొట్టాడు. అలా చేసినవాడు అంతకు ముందు ఎవడూ లేడు. మొత్తం 99 టెస్టులాడాడు. 2019 సెప్టెంబరులో ఆయన హైదరాబాదు క్రికెట్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ డిసెంబరులో ఉత్తరపు స్టాండుకు ఆయన పేరు పెట్టారు. అధ్యక్షుడే తన విషయంలో జరిగిన నిర్ణయంలో పాల్గొనటం సంఘ నియమాలకు విరుద్ధమని ఒక క్లబ్బు ఫిర్యాదు చేసింది. 2025 ఏప్రిల్‌లో సంఘపు అంబుడ్స్‌మన్ ఆ ఫిర్యాదు ఒప్పుకుని, పేరు తీసెయ్యమన్నాడు. అజారుద్దీన్ తెలంగాణ హైకోర్టుకు వెళ్ళాడు. పేరు తొలగించవద్దని హైకోర్టు ఆ నెలలోనే చెప్పింది.

ఆ తగవులో తీర్పు చెప్పటం న్యాయస్థానం పని, మనది కాదు. అజారుద్దీన్ బ్యాటుకు ఏ స్టాండయినా తలవంచవలసిందే, లక్ష్మణ్ బ్యాటుకూ అంతే. కాని ఇందులో మనం నేర్చుకోవలసినది ఒకటున్నది. గౌరవం అందుకునేవాడు ఎంత అర్హుడైనా, దాన్ని నిర్ణయించే కుర్చీలో తాను కూర్చుని ఉంటే జనం ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్న వల్ల అతను చెమటోడ్చి సంపాదించిన కీర్తికి కూడా అనవసరంగా మసి తగులుతుంది. ఆ సమయంలో కుర్చీ దిగి పక్కన నిలబడటం ఆటగాడికే మేలు.

తరవాత 2025లోనే విశాఖపట్నంలో మరొకటి జరిగింది. మన దేశంలో ఆడపిల్లల పేరున స్టాండ్లు అరుదుగా ఉన్నాయని క్రికెటరు స్మృతి మంధాన ఒక సభలో అన్నది. అక్టోబరు 12న, మహిళల ప్రపంచకప్పులో భారత ఆస్ట్రేలియా జట్ల మ్యాచి నాడు, అక్కడి స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరూ, ఒక గేటుకు రావి కల్పన పేరూ పెట్టారు. సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ వన్డేలలో 7,805 పరుగులు చేసింది, రెండు ప్రపంచకప్పులలో జట్టును ఫైనలు దాకా నడిపించింది. ఆంధ్ర వికెట్‌కీపరు కల్పన దేశం తరపున ఆడినవి ఏడు వన్డేలే. పరుగుల లెక్క చూస్తే ఇద్దరికీ పోలిక లేదు. కాని ఆంధ్రలో క్రికెట్టు ఆడాలనుకునే ఆడపిల్లకు, మన ప్రాంతం నుంచి కూడా భారత జట్టులోకి వెళ్ళవచ్చునని చూపించినది కల్పన. దారి తీసినవారికి ద్వారం మీద పేరు, తగిన గౌరవమే గదా!

వీటన్నిటినీ కలిపి చూస్తే నాలుగు మాటలు తేలుతాయి. కొలత పేరు కన్న ముందు రాసి ఉంచాలి. అది అందరికీ ఒకటే కావాలి, ఎవరైనా సరిచూసుకునేట్టుండాలి. పరుగులూ, పాయింట్లూ మాత్రమే గాక, నడవడీ, చదువూ, దారి తీసిన ధైర్యమూ కూడా లెక్కకు రావాలంటే ఆ మాట కూడా ముందే రాయాలి. గౌరవం అందుకునేవాళ్ళూ, వాళ్ళవాళ్ళూ నిర్ణయంలో పాల్గొనరాదు.

మీ బడిలో జట్టు ఉంటే ఇది మీరే చేసి చూడవచ్చు. ఏడాది మొదట్లో, ఇంకా ఒక్క మ్యాచి కూడా ఆడకముందే, అందరూ కూర్చుని ఒక కాగితం మీద కొలత రాసి డ్రిల్లు మాస్టారికి ఇవ్వండి. ఏడాది చివర దాన్ని తీసి చదవండి. మీరు అనుకున్న పేరు రాకపోవచ్చు. బంతులు మోసినవాడు, ఓడినప్పుడు కూడా ప్రాక్టీసు మాననివాడు ఆ కొలతకు సరిపోవచ్చు. అప్పుడు కాగితం చించెయ్యకుండా అతనికే గౌరవం ఇస్తే, మీరు నిజంగా ఆట నేర్చుకున్నట్టే.

ఏస్ బెయిలీ కథ ఇంకా కాస్త మిగిలి ఉన్నది. అతని ఆరో నంబరు ముప్పై ఏళ్ళకు పైగా ఎవరూ తాకకుండా ఉన్నది. టొరంటో జట్టులోకి రాన్ ఎలిస్ అనే కుర్రాడు వచ్చాడు. అతని ఆట తీరూ, నెమ్మదితనమూ ముసలి బెయిలీకి బాగా నచ్చాయి. 1968లో బెయిలీ, "నా నంబరు అతనికివ్వండి," అని తానే జట్టువారిని కోరాడు. ఎలిస్ ఆ నంబరుతో ఆడి ఎన్నో ఏళ్ళు జట్టుకు పేరు తెచ్చాడు. విశ్రాంతిలో ఉన్న నంబరును మళ్ళీ మంచు మీదికి పంపే హక్కు ఆ రోజున బెయిలీకి తప్ప మరెవరికీ లేదు. ఆ హక్కును అతను తన తరవాత వచ్చినవాడి కోసం వాడాడు.